లివింగ్‌స్టన్ దంపతుల అరణ్యయాత్ర

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 12:1–9, 21:14–19, 23:1–20

అబ్రాహాము తన దేశమును, తన తండ్రి ఇంటిని విడిచి బయలుదేరిన సంగతి మన సండే స్కూలు పిల్లలు సహితము ఎరుగుదురు. అయితే గుడారపు త్రాళ్లు విప్పి, వంటపాత్రలు మూటగట్టి, ఎక్కడికి పోవుచున్నారో తెలియకయే ఆయన వెంట నడచిన శారాను గూర్చి మనమెంత సేపు ఆలోచించితిమి? పిలుపు అబ్రాహామునకు వచ్చెను. నడక మాత్రము ఇద్దరిది.

ఈ నెల మేము అట్టి యొక దంపతుల చరిత్రను మీ ముందుంచుచున్నాము. డేవిడ్ లివింగ్‌స్టన్ దొరగారి పేరు విననివారు మన సంఘములలో అరుదు. ఆయన భార్యయైన మేరీ పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది. ఇద్దరి చరిత్రను కలిపి చదివిననే గాని ఆయన చరిత్ర సగమే చదివినట్లు.

డేవిడ్ లివింగ్‌స్టన్ 1813 మార్చి 19న స్కాట్లాండు దేశమందలి బ్లాంటైర్ అను ఊరిలో బీదకుటుంబమున పుట్టెను. పదియేండ్ల ప్రాయమున నూలుమిల్లులో కూలికి కుదిరి, ఉదయము 6 గంటలు మొదలుకొని రాత్రి 8 గంటల వరకు పని చేసెను. మొదటి వారపు కూలిలో కొంత పెట్టి లాటిను వ్యాకరణము కొనెను. నూలు వడకు యంత్రముపై పుస్తకము తెరిచి పెట్టుకొని, పని చేయుచు ఒక్కొక్క వాక్యము చదువుకొనెను. ఈలాగు కష్టపడి వైద్యవిద్య నేర్చి, చీనా దేశమునకు మిషనెరీగా పోవలెనని ఆశించెను. అప్పుడు అక్కడ నల్లమందు యుద్ధము జరుగుచుండుటచే ఆ త్రోవ మూతపడెను. ఆ దినములలో దక్షిణాఫ్రికానుండి వచ్చిన రాబర్టు మొఫాట్ అను మిషనెరీని ఆయన లండనులో కలిసికొనెను. తమ కేంద్రమునకు ఉత్తరమున సువార్త వినని గ్రామములు వేలకొలదిగా ఉన్నవనియు, తెల్లవారునప్పుడు వాటి పొగ కనబడుననియు మొఫాట్ చెప్పగా లివింగ్‌స్టన్ మనస్సు ఆఫ్రికా వైపు తిరిగెను. 1840 డిశంబరులో ఓడ యెక్కి, 1841 జూలై నెలాఖరున మొఫాట్ నివసించిన కురుమాను చేరెను.

మేరీ ఆ మొఫాట్ దొరగారి పెద్దకుమార్తె. 1821 ఏప్రిల్‌లో ఆఫ్రికాలోనే, గ్రిక్వాటౌన్ అను ఊరిలో పుట్టెను. అచ్చటి త్స్వానా ప్రజల భాష ఆమెకు చిన్ననాటినుండి నోట ఆడిన భాష. ఎండ, దుమ్ము, ఎద్దుల బండి ప్రయాణము ఆమెకు క్రొత్తవి కావు. 1839లో తలిదండ్రులతో ఇంగ్లాండు వెళ్లి, 1843లో వారితోనే తిరిగి వచ్చి కురుమానులో బడి చెప్పుచుండెను.

1844లో మబోత్సా అను చోట ఒక సింహము లివింగ్‌స్టన్ మీదికి దూకి ఎడమచేతి ఎముకను నమిలివేసెను. మెబల్వె అను దేశీయ ఉపదేశి తుపాకితో అడ్డుపడగా సింహము అతని మీదికి తిరిగెను. ఆలాగున లివింగ్‌స్టన్ బ్రతికెను. ఆ చెయ్యి మరెన్నడును సరిగా కుదురలేదు. గాయము మానుచుండగా కురుమానులో ఆయన మేరీని వివాహమునకు అడిగెను. 1845 జనవరిలో వారి పెండ్లి జరిగెను.

తరువాతి యేడేండ్లలో వారు మూడుచోట్ల కాపురము పెట్టిరి. మబోత్సా, చొనువానే, ఆ తరువాత కొలొబెంగ్. ప్రతిచోట ఇల్లు తామే కట్టుకొనిరి. కొలొబెంగులో మేరీ రొట్టె కాల్చెను, వెన్న చిలికెను, మొక్కల బూడిదతో సబ్బు వండెను, క్రొవ్వొత్తులు పోసెను, మధ్యాహ్నమున చిన్నపిల్లలకు బడి చెప్పెను. మన పల్లెలలో తల్లిని పెద్దబిడ్డ పేరు పెట్టి పిలుచునట్లే అక్కడివారును పిలుతురు. 1846లో మొదటి కుమారుడైన రాబర్టు పుట్టగా ఆమెను ‘మా రాబర్ట్’ అనిరి. అనగా రాబర్టు తల్లి. కొలొబెంగులో సెచెలే అను రాజు 1848లో బాప్తిస్మము పొందెను. అయితే ఆ ప్రాంతమున వానలు లేక నది యెండిపోయెను. ఉత్తరమున ఎడారికి అవతల గొప్ప నీళ్లును జనసమూహములును ఉన్నవని వినిన లివింగ్‌స్టనుకు కాలు నిలువలేదు.

ఆ ఎడారి పేరు కలహారి. ఇసుకయు ముండ్లపొదలును గడ్డియును గల విశాలమైన మైదానము అది. పైన పారు నీరు లేదు. అక్కడి బుష్మెను స్త్రీలు తడి ఇసుకలో గుంట త్రవ్వి, కొనకు గడ్డి చుట్టిన రెల్లుపుల్లను దింపి, నోటితో నీటిని పీల్చి, నిప్పుకోడి గ్రుడ్డు పెంకులలో నింపి దాచుకొనెడివారు. 1849లో లివింగ్‌స్టన్ ఇద్దరు స్నేహితులతో ఆ ఎడారి దాటి నగామి సరస్సును చూచి వచ్చెను. వారిలో ఒకడైన ఆస్వెల్ మన మద్రాసు రాజధానిలో కంపెనీ ఉద్యోగము చేసి, ఆరోగ్యము చెడి ఆఫ్రికాకు వచ్చిన దొర.

1850 ఏప్రిల్‌లో లివింగ్‌స్టన్ తన భార్యను, ముగ్గురు బిడ్డలను గూడు బండిలో ఎక్కించుకొని మరల ఉత్తరమునకు బయలుదేరెను. రాబర్టుకు నాలుగేండ్లు, ఆగ్నెసుకు మూడు, థామసుకు ఒకటి. మేరీ అప్పుడు గర్భవతి. ఏటి యొడ్డున చెట్లు నరికి త్రోవ చేసికొనుచు పోవలసి వచ్చెను. మృగముల కొరకు త్రవ్విన గుంటలలో ఎద్దులు పడెను. ఎట్టకేలకు సరస్సు చేరిరి గాని, మన మన్యపు జ్వరము వంటి జ్వరము బిడ్డలను పనివారిని పట్టుకొనెను. ముందుకు పోలేక తిరిగి వచ్చిరి. ఆగస్టులో కొలొబెంగులో ఎలిజబెత్ అను ఆడుబిడ్డ పుట్టి, ఆరు వారములు బ్రతికి చనిపోయెను. మేరీ ముఖము ఒక ప్రక్క వాతము కమ్మి కొంతకాలము బాధపడెను.

1851లో ఆయన మూడవసారి ప్రయాణము కట్టెను. మేరీ మరల గర్భవతి. ఆమె తల్లి కురుమానునుండి అల్లునికి కఠినమైన ఉత్తరము వ్రాసి, ఈ స్థితిలో నా కుమార్తెను, పసిబిడ్డలను అడవికి తీసికొనిపోవుట తగునా అని నిలదీసెను. అయినను బండ్లు కదలెను.

ఈ ప్రయాణములోనే ఆ సంఘటన జరిగెను. షోబో అను దారి చూపువాడు దారి తప్పి, పిమ్మట కనబడకుండ పోయెను. బండిలో ఉంచిన నీటిని ఒక పనివాడు వ్యర్థపరచెను. నాలుగవ దినము సాయంకాలమునకు పిల్లలకు మాత్రము కొంచెము నీరు మిగిలెను. ఆ రాత్రి గడచి తెల్లవారెను. నీళ్లు తగ్గిన కొలది పిల్లల దాహము ఎక్కువాయెను. ఐదేండ్లవాడు, నాలుగేండ్లు నిండబోవు పిల్ల, రెండేండ్లవాడు తమ కన్నుల యెదుటనే చనిపోవుదురేమో అని తలిదండ్రులు వణకిరి. తనను నిందించియున్నను కొంత ఊరట కలిగెడిదని లివింగ్‌స్టన్ తరువాత వ్రాసెను. మేరీ ఒక్క మాటయైనను అనలేదు. ఆమె కన్నీరు మాత్రము ఆమె వేదనను తెలిపెను. అయిదవ దినము మధ్యాహ్నము, నీటిని వెదకబోయిన మనుష్యులు నీళ్లతో తిరిగి వచ్చిరి.

బెయేర్షెబా అరణ్యములో హాగరుకు తిత్తిలోని నీళ్లు అయిపోయిన గడియను మీరు ఇక్కడ జ్ఞాపకము చేసికొందురు. బిడ్డ చావు చూడలేక ఆమె వింటివేత దూరమున కూర్చుండెను. మేరీకి దూరముగా కూర్చుండుటకును చోటు లేదు. బండిలో బిడ్డల ప్రక్కనే కూర్చుండవలసెను. దేవుడు ఆ పిల్లవాని మొర విని నీళ్ల ఊటను చూపించినట్లే ఈ బిడ్డలకును నీరు దొరికెను. ఆయనకు స్తోత్రము. అయితే హాగరు చేతికి తిత్తినిచ్చి పంపిన అబ్రాహాము ఆ దినమున ఏమి తలంచెనో అనికూడ మనము అడుగవలెను.

వారు చోబె నది చేరి సెబిట్వానే అను రాజును చూచిరి. ఆయన వారిని ప్రేమతో చేర్చుకొనెను గాని కొద్దిదినములకే చనిపోయెను. సెట్సీ అను ఈగ కాటువలన ఈ యాత్రలో వారి ఎద్దులు 43 చచ్చెను. లివింగ్‌స్టనును ఆస్వెలును భార్యాబిడ్డలను వెనుక విడిది చోట ఉంచి పోయి జాంబెజి మహానదిని చూచి వచ్చిరి. తిరుగు ప్రయాణమున సెప్టెంబరులో ఏటి యొడ్డున, ఎడారి త్రోవలో, మేరీ మగబిడ్డను కనెను. ఆ బిడ్డకు ఆస్వెల్ పేరు పెట్టిరి.

ఇంక భార్యాబిడ్డలను వెంట త్రిప్పుట కూడదని లివింగ్‌స్టన్ అప్పుడు గ్రహించెను. కుటుంబము కేప్ టౌనుకు వచ్చునప్పటికి వారి బట్టలు చినిగి పాతగిలియుండగా ఆస్వెల్ తన సొమ్ముతో క్రొత్త బట్టలు కొనిపెట్టెను. 1852 ఏప్రిల్ 23న మేరీ నలుగురు బిడ్డలతో ఇంగ్లాండు ఓడ యెక్కెను. రెండేండ్లలో వచ్చెదనని భర్త చెప్పెను. ఆయన వచ్చుటకు నాలుగేండ్లు దాటెను.

ఆ నాలుగేండ్లలో లివింగ్‌స్టన్ చేసిన పనిని లోకమంతయు మెచ్చుకొనెను. 1853 నవంబరులో 27 మందితో లిన్యాంటి విడిచి, మరల మరల జ్వరముతో పడుచు లేచుచు, 1854 మే 31న పడమటి తీరమున లువాండా చేరెను. అక్కడ ఇంగ్లీషు ఓడవారు స్వదేశమునకు తీసికొనిపోదుమనిరి. తన వెంట వచ్చినవారిని ఇండ్లకు చేర్చెదనని మాట ఇచ్చినందున ఆయన ఓడ యెక్కక వెనుకకు మరలెను. 1855 నవంబరులో జాంబెజి నదిమీద గొప్ప జలపాతమును చూచి విక్టోరియా రాణి పేరు పెట్టెను. 1856 మేలో తూర్పు తీరమున కెలిమానె చేరెను.

ఆ మాట నిలుపుకొనుట గొప్ప సంగతి. అయితే అదే కాలమున మేరీ సంగతి ఏమి? ఆఫ్రికాలో పుట్టి పెరిగిన ఆమెకు ఇంగ్లాండు పరదేశము. మొదట అత్తమామల ఇంట హామిల్టనులో నుండెను; అక్కడ పొసగలేదు. తరువాత ఊరినుండి ఊరికి అద్దె గదులకు మారుచు, మిషనువారిచ్చు కొద్ది సొమ్ము చాలక, సహాయము కొరకు వారికే మరల మరల వ్రాసికొనుచు నలుగురు బిడ్డలను సాకెను. నెలల తరబడి భర్త క్షేమసమాచారము తెలియదు. ఆ కాలమున ఆమె విశ్వాసము సన్నగిల్లెనని చెప్పుదురు. మేము దీనిని దాచము. ఎండిన నేలలో మొక్క వాడినయెడల మొక్కను మాత్రమే తప్పుపట్టరాదు.

1856 డిశంబరులో భార్యాభర్తలు కలిసికొనిరి. 1858 మార్చిలో ప్రభుత్వపు పనిమీద లివింగ్‌స్టన్ జాంబెజికి బయలుదేరగా మేరీ చిన్నకుమారునితో కూడ ఓడ యెక్కెను. ఆమె మరల గర్భవతియై జబ్బుపడి, కేప్ టౌనులో దిగి తలిదండ్రులతో కురుమాను వెళ్లవలసి వచ్చెను. నదిమీద త్రిప్పుటకు తెచ్చిన చిన్న పొగఓడకు ‘మా రాబర్ట్’ అని పేరు పెట్టిరి. ఆ పేరు గల ఓడ జాంబెజిమీద నడిచెను. ఆ పేరు గల తల్లి ఒడ్డున నిలిచిపోయెను. ఆ నవంబరులో ఆన్నా మేరీ అను కుమార్తె పుట్టెను. తండ్రి ఆ బిడ్డను మొదటిసారి చూచునప్పటికి ఆమెకు అయిదేండ్లు.

మేరీ ఆ పసిదానితో స్కాట్లాండు వెళ్లి, పిమ్మట బిడ్డలను అక్కడ విడిచి, 1862 ఆరంభమున జాంబెజి ముఖద్వారమున భర్తను చేరెను. కలిసియున్నది మూడు నెలలు. జ్వరపు ఋతువులో నది పల్లపు భూముల గాలి ఆమెకు పడలేదు. షుపాంగ అను చోట జ్వరము తీవ్రమాయెను. క్వినైను ఎంత యిచ్చినను పని చేయలేదు. 1862 ఏప్రిల్ 27, ఆదివారము సాయంకాలము ఆమె కన్ను మూసెను. వయస్సు 41 సంవత్సరములు. సింహము నోట పడినను చలింపని లివింగ్‌స్టన్ ఆ మంచముప్రక్కన చిన్నబిడ్డవలె ఏడ్చెను. ఒక గొప్ప బయోబాబ్ చెట్టు క్రింద ఆమెను పాతిపెట్టిరి. గోలకొండ కోట దగ్గర మనవారు ఏనుగుల చెట్టు అని చూపు బ్రహ్మాండమైన చెట్టు ఆ జాతిదే. ఆమె కాగితములలో చిన్న ప్రార్థన యొకటి దొరికెను: తాను ఉన్నదున్నట్లు తన్ను చేర్చుకొని, తాను ఎట్లుండవలెనో అట్లు చేయుమని ప్రభువును అడిగిన ప్రార్థన. విశ్వాసము పోయెనని జనులు అనుకొన్న స్త్రీ కాగితములలో ఇది దొరికెను.

కనానులో అబ్రాహాము సొంతముగా కొనిన మొదటి నేల శారా సమాధి కొరకే గదా. వాగ్దాన దేశమంతటిలో ఆయన చేతికి మొదట వచ్చినది ఆ చిన్న పొలము, అందలి గుహ.

అటుపిమ్మట లివింగ్‌స్టన్ పదకొండేండ్లు బ్రతికెను. 1864లో ‘లేడీ న్యాసా’ అను చిన్న ఓడను తానే నడిపించుకొని జాంజిబారునుండి మన బొంబాయికి 45 దినములలో వచ్చెను. చూమా అను బాలుని, మరియొకనిని అక్కడ విల్సన్ దొరగారి బడిలో విడిచెను. ఆ సంవత్సరాంతమున పెద్దకుమారుడైన రాబర్టు, తండ్రికి దూరమై అమెరికా పోయి, మారుపేరుతో సైన్యములో చేరి, అంతర్యుద్ధమందు ఖైదీగా చనిపోయెను. ఎడారిలో దాహమునకు ఏడ్చిన ఐదేండ్ల బిడ్డ అతడే. అప్పటికి 18 ఏండ్లు.

1866లో లివింగ్‌స్టన్ మరల ఆఫ్రికా లోపలికి పోయెను. బానిసల వ్యాపారపు ఘోరములను లోకమునకు తెలుపుచు, ఒంటరిగా తిరిగి, 1873 మే నెల ఆరంభమున చితాంబో అను పెద్ద గ్రామమున మంచముప్రక్క మోకాళ్లపైనున్నవాడై ప్రాణము విడిచెను. చూమా, సూసీ అను నమ్మకమైన సేవకులు ఆయన గుండెను అక్కడి చెట్టు క్రింద పాతిపెట్టిరి. మన నాసిక్ దగ్గరి మిషను బడిలో చదివిన జేకబ్ వెయిన్‌రైట్ అను ఆఫ్రికా యువకుడు సమాధి ఆరాధన చదివెను. వారందరు ఆ దేహమును వెయ్యి మైళ్లకు పైగా మోసికొని సముద్రతీరము చేర్చిరి. సింహము నమిలిన ఎడమచేతి ఎముకను చూచి అది లివింగ్‌స్టనే అని లండనులో గుర్తుపట్టిరి. 1874 ఏప్రిల్ 18న వెస్ట్‌మినిస్టరు దేవాలయములో పాతిపెట్టిరి. ఆయన మరణించిన మరుసటి నెలలో జాంజిబారు బానిసల సంత మూయబడెను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ చరిత్రను చదివి మనమేమి అందుము? ఆ పిలుపు బూటకమని మేము అనము. సంకెళ్లు తెగిన వేలమంది దానికి సాక్షులు. అయితే ఆ కుటుంబము పడిన ప్రతి బాధను దేవుని లెక్కలో వ్రాయుట న్యాయము కాదు. దేవుని పిలుపు ఒకటి, మనుష్యుని ఆత్రము మరియొకటి. రెండును ఒకే బండిలో ఎక్కి ప్రయాణము చేయును. అత్తగారి ఉత్తరములో దేవుడు మాటలాడలేదని ఎవరు చెప్పగలరు? కొలొబెంగు దినములలో బిడ్డలతో ఆడుకొనుటకు కొంత సమయమైనను కేటాయింపలేదని లివింగ్‌స్టన్ తానే తరువాత విచారపడెను. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో, ఐదవ అధ్యాయము ఎనిమిదవ వచనమున, తన ఇంటివారిని సంరక్షింపనివానిని గూర్చి ఏమి వ్రాసెనో మీరే తీసి చదువుడి. ఆ వచనము మిషనెరీలకును వర్తించును. పాస్టరులకును, పెద్దలకును, సువార్త కూటములకని ఊళ్లు తిరిగి ఇంటిని మరచు మనవంటివారికిని వర్తించును.

మరియొక మాట. మన గ్రామములలో సేవకులు కొన్ని యేండ్లకొకసారి ఊరు మారుచుందురు. కొత్త పాస్టరుగారు వచ్చిరని మనము పూలదండ వేయుదుము. సామాను మూటలు కట్టినదెవరు? బడి మారిన బిడ్డలను ఓదార్చినదెవరు? జీతము ఆలస్యమైన నెలలో పొయ్యి వెలిగించినదెవరు? మేరీ ఎడారిలో ఒక్క మాటయు అనలేదని మనము మెచ్చుకొందుము. ఆమె మౌనమును మెచ్చుకొనుట సులభము. ఆ మౌనము వెనుక నీటిచుక్క లేని బండి యున్నదని చూచుట కష్టము. మాటలాడనివారికి కొరత లేదని అనుకొనకుడి. మేరీ అవసరతలు వేల మైళ్ల దూరమున ఉండగా ఆమె భర్తకు తెలియలేదు. మన సేవకుని ఇల్లు రెండు వీధుల అవతలనే యున్నది.

కాబట్టి ఈ నెల స్త్రీల కూటమువారు పిడికెడు బియ్యము పోగుచేసినప్పుడు, ఆ బియ్యమును గుడి గుమ్మమున దించి రాక, ఆ ఇంటి లోపలికి వెళ్లి ఆ తల్లి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడి. ఆమె సంగతి అడుగుడి. ఆమె చెప్పినంతసేపు వినుడి. సేవకులైన సహోదరులు ఆ సాయంకాలము పుస్తకము మూసి తమ బిడ్డలతో ఆడుకొందురు గాక. హాగరు మొరను, ఆమె బిడ్డ మొరను ఆలకించిన దేవుడు మన చెవులను కూడ తెరచును గాక. ఆమేన్.